మూడో వాల్వ్

ఉదయం 7:20. పంపుహౌస్ గోడ వెనక వాల్వ్ ఛాంబర్‌లో నీళ్లాయన వెల్లకిలా పడి ఉన్నాడు.

అసలు పేరు మున్సిపాలిటీ రిజిస్టర్‌లో ఉంది. ఊరికి మాత్రం నీళ్లాయనే. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఇరవై ఆరేళ్లుగా అతని చేతిలోనే ఉంది. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంట్.

శవాన్ని మొదట చూసినవాడు సర్వే ఇంజినీరు. 7:50కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఆవిడకి కళ్లు చురుకు, నోరు ఇంకా చురుకు. కేసు తేలగానే అందర్నీ ఒకచోట నిలబెట్టి ముడి విప్పి చెప్పడం మహా సరదా. ఆ సరదా గురించి స్టేషన్లో చాటుగా నవ్వుకునేవారు.

ఛాంబర్ అంటే నడుము లోతు ఇటుకల గొయ్యి. అడుగున ఇసుక. ఇసుకలోంచి పైకి లేచిన రెండు వాల్వులు. రెండూ దిగువ వీధులవి. రెండూ మూసి ఉన్నాయి. గొయ్యి చుట్టూ ఉన్న ఇనప చట్రానికి రక్తం అంటింది. వాల్వులు తిప్పే పొడవాటి కీ గోడకి చేరవేసి ఉంది.

"కాలు జారి పడ్డాడేమో మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"జారేవాడు కీని బుద్ధిగా గోడకి చేరవేసి మరీ జారతాడా?"



డాక్టర్ లేచి చేతులు దులుపుకున్నాడు. "తల వెనక దెబ్బ. ఐదుకీ ఐదున్నరకీ మధ్య పోయాడు."

పంపుహౌస్ రిజిస్టర్‌లో నీళ్లాయన రాత ఒకటే ఉంది. మోటార్ ఆన్, 4:30. అక్కణ్ణించి ఇక్కడికి వచ్చి ఐదుంబావుకి వాల్వులు తెరవాలి. తెరవలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇంజినీరు వైపు తిరిగింది. "పొద్దున్నే ఇక్కడ మీకేం పని?"

"ఆయనే రమ్మన్నారు. ఏడుంబావుకి. ఏదో చూపిస్తానన్నారు."

"ఏం చూపిస్తానన్నాడు?"

"చెప్పలేదు మేడమ్." ఇంజినీరు ట్యాబ్ తెరిచాడు. ఊరంతా అందులో ఉంది. నీళ్ల పైపులు నీలం గీతలు, డ్రైనేజీ ఎర్ర గీతలు. పబ్లిక్ కుళాయిలు, టాయిలెట్లు, బడులు చుక్కలు. "మ్యాపింగ్ అయిపోయింది. ఒక్కటే కలవట్లేదు. మోటారు తోడే నీళ్లన్నీ వీధులకి చేరట్లేదు. ఎక్కడో పోతున్నాయి. ఇంకే వాల్వూ లేదని సంతకం పెట్టమంటే నిన్నంతా నీళ్లు నమిలారు."

"అరుచుకున్నారట?"

"అరిచింది నేనే. ఆయన అరవలేదు."

ఇంజినీరు దిగిన లాడ్జి కెమెరాలో అతను బయటికొచ్చిన టైము 6:52. ఆ దారి మూసుకుపోయింది.

అనుమానితుల్లో రెండోవాడు దిగువ వీధి లాండ్రీ యజమాని. నిన్న నీళ్లాయన చొక్కా పట్టుకున్నాడు.

"నీ అంతు చూస్తానన్నావా?"

"అన్నానండీ. నీళ్లు రాకపోతే ఎవరైనా అంటారు. ఇవాళ చుక్క కూడా రాలేదు. ఐదు నుంచి ఏడు దాకా కుళాయి దగ్గరే పడి ఉన్నాను. మా వీధినంతా అడగండి."

అడిగారు. పదకొండు మంది అవునన్నారు. పదకొండు మంది చేతుల్లోనూ ఖాళీ బిందెలే.

నీళ్లాయనకి పెళ్లాం పిల్లల్లేరు. రెండు పూటలా తిండి అక్క ఇంట్లో. అక్కాబావా మిట్ట మీద ఉంటారు. అక్కడ నూట ఎనభై ఇళ్లు. స్థలాలకి కాగితాల్లేవు కాబట్టి నీళ్ల లైను ఇవ్వలేదు. మున్సిపాలిటీ లెక్కలో అది ఉత్త గుట్ట.

9:40కి ఇన్‌స్పెక్టర్ మిట్ట ఎక్కింది. వాకిట్లో తీగ మీద బట్టలు నీళ్లోడుతున్నాయి. గుమ్మం పక్కన నాలుగు బిందెలు నిండుగా ఉన్నాయి. అక్క గోడకి ఆనుకుని ఏడుస్తోంది. ఏడుస్తూనే లేచి, వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చింది.

"వాడు డ్యూటీలో ఉన్నాడనుకున్నానమ్మా. ఎనిమిదింటికి ఎవరో వచ్చి చెబితే తిట్టి పంపించాను."

బావ మేస్త్రీ. తల ఎత్తలేదు.

"పొద్దున్న ఐదింటికి ఎక్కడున్నావు మేస్త్రీ?"

"కూలీల అడ్డాలో."

"పని దొరికిందా?"

"లేదు."

దిగి వస్తుంటే హెడ్ కానిస్టేబుల్ నిట్టూర్చాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మేడమ్. ఎవరో మున్సిపాలిటీ మనిషే అయ్యుంటాడు."

ఇన్‌స్పెక్టర్ సగం మెట్ల మీద ఆగింది. వెనక్కి తిరిగి తీగ మీది బట్టలు చూసింది. మొహం వెలిగింది.

"ఈశ్వరుడి సంగతేమో గానీ, నాలుగింటికి అందర్నీ ఛాంబర్ దగ్గరికి రమ్మను. ఇంజినీర్ని కూడా."

సాయంత్రం 4:00. ఇంజినీరు మ్యాపులోకి పాయింట్లు పంపే తన జీపీఎస్ కర్రతో వచ్చాడు. లాండ్రీ యజమాని, మేస్త్రీ వచ్చారు. పిలవకుండానే అక్క కూడా వచ్చింది.

"అమ్మా, ఇవాళ మీకు నీళ్లెప్పుడొచ్చాయి?"

మేస్త్రీ కళ్లతో వారించేలోపే ఆమె చెప్పేసింది. "ఆరు పదికి. రోజూ అంతే కదమ్మా, అరగంట."

"విన్నారా? ఊళ్లో ఏ వీధికీ నీళ్లు రాలేదు. లైనే లేని మిట్ట మీద మాత్రం బట్టలు ఉతుక్కున్నారు. రోజూ ఉండే తడే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు." ఇన్‌స్పెక్టర్ ఛాంబర్ చుట్టూ మెల్లిగా నడిచింది. "అంటే ఇక్కడ మూడో వాల్వ్ ఉంది. నీళ్లాయన ఐదున్నరలోపే పోయాడు. మరి ఆరు పదికి దాన్ని తిప్పి, కీని గోడకి చేరవేసింది ఎవరు? ఈ గొయ్యికి ఇటుక పేర్చింది ఎవరు మేస్త్రీ?"

మేస్త్రీ చూపు గోతి అడుగున ఇసుక మీదికి వెళ్లింది.

హెడ్ కానిస్టేబుల్ గోతిలోకి దిగి ఇసుక తోడాడు. జానెడు లోతులో ఇనప తల బయటపడింది.

"ఇవాళ ఇంజినీరుకి చూపించేస్తానన్నాడు," అన్నాడు మేస్త్రీ. "సంతకం పెట్టి అబద్ధం చెప్పలేను బావా అన్నాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నూట ఎనభై ఇళ్లు ఎండిపోతాయిరా అన్నాను. వినలేదు. తోశాను. చంపాలని కాదు మేడమ్."

"తర్వాత?"

"ఊపిరి లేదు. పక్కనే కూచున్నాను. ఆరు దాటింది. పైన అందరూ బిందెలు పెట్టుకుని చూస్తుంటారు. ఇంక ఆగలేక తిప్పాను. అరగంటకి మూసి ఇసుక కప్పేశాను."

అక్క మొగుడి వైపు నడిచింది. "నీళ్లొచ్చాయి, నా తమ్ముడు వదిలాడనుకున్నాను. పాట పాడుకుంటూ పట్టానయ్యా ఆ నీళ్లు!"

మేస్త్రీ ఆమెని దాటుకుని వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నన్ను ఉరి తియ్యండి మేడమ్. ఈ వాల్వ్‌ని మాత్రం మళ్లీ కప్పెయ్యండి. తాగి కొట్టుకున్నామని రాయండి, సంతకం పెడతాను."

వాల్వ్ మ్యాపులోకి ఎక్కితే మిట్టకి నీళ్లు ఆగిపోతాయని ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడు తట్టింది. గబుక్కున వెనక్కి తిరిగింది. ఇంజినీరు కర్ర అప్పటికే మూడో వాల్వ్ మీద నిలబడి ఉంది. మిషన్ బీప్ అంది.

"ఆగండి!"

"పాయింట్ సర్వర్‌కి వెళ్లిపోయింది మేడమ్."

"తీసెయ్యలేరా?"

"నాకు ఆ అధికారం లేదు." అతను ట్యాబ్ మూశాడు. "దీని కోసమే నెల్నాళ్లుగా తిరుగుతున్నాను."

మేస్త్రీని స్టేషన్లో ఒక్కణ్ణే కూచోబెట్టి అడిగినా ఇదే చెప్పేవాడు. ఆ మాట నాలుగు గోడల మధ్యే ఉండేది. తన సరదా కోసం ఊరిని పిలిచింది. జీవితంలో మొదటిసారి ఆవిడకి తన తెలివి మీద అసహ్యం వేసింది.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని దగ్గరికొచ్చింది. "రేపు తమ్ముణ్ణి ఇస్తారటమ్మా. స్నానం చేయించాలి. వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వాలి. ఒక్క రేపటికి నీళ్లు వదలమని చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ మున్సిపల్ ఆఫీసర్‌కి ఫోన్ చేసింది.

"కంగ్రాట్స్ మేడమ్!" అన్నాడాయన. "ఇంజినీరు ఇప్పుడే చెప్పాడు. దొరకని లీకు పట్టిచ్చారు. మనుషుల్ని పంపించాను, ఇవాళే సిమెంట్ పోసేస్తారు."

"ఒక్క రోజు ఆగలేరా సార్?"

"కనెక్షన్ లేని చోటికి నీళ్లెలా వదులుతామండీ? రేపు ఎవరైనా అడిగితే మీరు జవాబు చెప్తారా?"

ఫోన్ పెట్టేశాడు. అక్క ఎదురుగానే నిలబడి ఉంది.

"ఏమన్నారమ్మా?"

"కుదరదన్నారు."

ఆమె తలూపింది. "అయితే నేను వెళ్లాలి. బిందెల్లో ఉన్నవి రేపటిదాకా ఎవరూ వాడకుండా చూసుకోవాలి."

జీపు ఎక్కుతున్న భర్త వైపు చూడకుండా మిట్ట మెట్ల వైపు గబగబా నడిచింది.