సగమే విన్న పెళ్లికొడుకు

"నీ ఇష్టంతోని నాకు పనిలేదు. నువ్వు నాకు నచ్చినవ్. ఇగ నువ్వు నా దానివి."

ఈ మాట అని కమలాకర్ ఒక అడుగు ముందుకేశాడు. కళ్లు సగం మూశాడు. గొంతును వీలైనంత కిందికి దించాడు. లెక్క ప్రకారం పిట్టగోడకు ఆనుకొని నిలబడ్డ అమ్మాయి ఇప్పుడు వణకాలి.

ప్రణీత వణకలేదు. అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"గొంతు ఏమైంది? జలుబా?" అని అడిగింది.

నకిరేకల్‌లో ప్రణీత తండ్రి లింగస్వామి బట్టల దుకాణం మీద ఇల్లు, ఇంటి మీద డాబా. కింద గదిలో పెళ్లిచూపులు. చాయ్‌లు అయిపోయాక పిల్లలిద్దరినీ జర మాట్లాడుకోమని పెద్దలే పైకి పంపారు. చండూరు దగ్గరి తన ఊరి నుంచి బైక్ మీద వస్తూ కమలాకర్ ఈ డైలాగును దారి పొడవునా అద్దంలో చూసుకుంటూ సాధన చేశాడు. ఆ సాధనలో జలుబు ప్రస్తావన ఎక్కడా లేదు.

అయినా ఆగలేదు. ఇలాంటి చోట హీరో ఆగడు. చెయ్యి చాపి ఆమె మణికట్టు అందుకోబోయాడు. ఆమె పక్కకు జరిగింది. తీగ మీద ఆరేసిన తడి దుప్పటి గాలికి లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. కమలాకర్ కర్కశంగా, కసిగా ఆ దుప్పటిని పట్టుకున్నాడు.

అమ్మాయి నవ్వుతుందనుకున్నాడు. దుప్పటి పక్కకు తొలిగేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు.

"చెయ్యి కిందికి" అంది మెల్లగా. "గివన్నీ మీకు ఎవలు నేర్పిండ్రు?"

అతని అసలు గొంతు దానంతటదే బయటికొచ్చింది. "మీరే."

ప్రణీత తెల్లబోయింది.

అప్పుడు చెప్పక తప్పలేదు. ప్రణీత జడ్చర్లలో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. ఆదివారం పూట హాస్టల్ డాబా మీద కూర్చొని, తను చదివిన నవలల గురించి మాట్లాడి రికార్డు చేసి పెడుతుంది. చీకటి ప్రేమకథలు, పగబట్టిన దయ్యాల కథలు. పేరు, ముఖం ఉండవు. గొంతు మాత్రమే. చానల్ పేరు 'పేజీ మూసినంక'. అదే కంపెనీలో పనిచేసే కమలాకర్ చిన్నమ్మ కొడుకు, సంబంధం మాట రాగానే, గొంతు గుర్తుపట్టి, పిల్ల ఈమేనని లింకు పంపాడు. అప్పటి నుంచి కమలాకర్‌కు పొద్దున ఆ గొంతు వినకపోతే పని సాగడం లేదు.

"మా నాయినకు తెల్వది" అంది ప్రణీత.

"నేను చెప్ప."

"ఏం విన్నరు?"

"గుర్రాలోడు పిల్లను ఎత్తుకపోయేది. గడీల దయ్యం. ఇంక శానా విన్న. హీరో చెయ్యి పట్టుకుంటే పానం జల్లుమంటది అన్నరు గద."

"దాని తర్వాత ఏమన్న?"

దాని తర్వాత ఏదో ఉందన్న సంగతే అతనికి తెలియదు.

"పూర్తిగ వినలే" అంది ఆమె. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు. "అన్ని మాటలు చెప్పిన. మీకు అర్థమయింది గిదేనా?"

మెట్లు దిగి వెళ్లి, పెద్దలందరి ముందు నాకు ఈ సంబంధం వద్దని చెప్పింది. ఎందుకంటే చెప్పలేదు. లింగస్వామి చూపు తిన్నగా పిల్లగాడి మీదికి మళ్లింది. కమలాకర్ నేల చూస్తూ, తప్పు నాదే, మాట సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు. చానల్ పేరు అతని నోట రాలేదు.

మెట్ల పక్కన నిలబడ్డ ప్రణీత ఆ మాట విన్నది. ఒక్కసారి తలెత్తి చూసింది. కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

*

సగమే ఎందుకు విన్నాడు? ఇది మగ్గాల ఇళ్లలో మాత్రమే జరగగల పొరపాటు.

కమలాకర్ చిటికి కడతాడు. నేయక ముందే దారాన్ని ఆసు అనే మేకుల చట్రం మీద చుట్టి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కట్టే పని. తెల్లవారగానే కిటికీ పక్కన మొదలుపెడతాడు. చప్పుడు లేని పని. చెవుల్లో వైర్లు పెట్టుకుంటే ఆసు దారాలకు చిక్కుకుంటాయి కాబట్టి ఫోన్ కిటికీలో పెట్టి వింటాడు. ప్రణీత గొంతు మొదలవుతుంది. హీరో ఎంత అందగాడో, ఎంత దుర్మార్గుడో, ఆ వర్షంలో ఆ చూపు ఎలా ఉందో ఊరించి ఊరించి చెప్తుంది. సరిగ్గా అప్పుడే కమలాకర్ తండ్రి చాయ్ తాగి మగ్గం గుంటలో కూర్చుంటాడు. పక్కింటి మగ్గమూ అందుకుంటుంది. టకటకా టకటకా. ఇక కిటికీలో పిడుగు పడినా వినబడదు.

మిగిలింది కూడా ఇలాగే ఉంటుందిలే అనుకొని, మరుసటి పొద్దున ఇంకొకటి పెట్టుకునేవాడు. రోజూ మొదటి సగమే.

నకిరేకల్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, మగ్గం ఆగేదాకా కాచుకొని, అరుగు మీద కూర్చొని ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. గుర్రాలవాడి కథ. పానం జల్లుమనే మాట దాటింది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది.

"ఇగ పేజీ మూసినం. ఇప్పుడు అసలు ముచ్చట. వీడు నాకు ఎందుకు నచ్చిండంటే, వీని తలుపు గొళ్లెం నా చేతిల ఉంది. భయమైతే పుస్తకం మూస్త, వాడు ఆన్నే ఆగిపోతడు. బయట గిసొంటోడు ఎదురైతే ఏ పేజీ ముయ్యాలె? పుస్తకంల ఉన్నోడు పుస్తకంలనే ఉండాలె."

కమలాకర్‌కు తడి దుప్పటి గుర్తొచ్చింది. గడీ దయ్యం పెట్టాడు. దొరల గడీలో అత్తింటివాళ్లు బావిలో తోసిన కోడలు దయ్యమై ఒక్కొక్కరినీ పట్టి చంపే కథ. చావులన్నీ ప్రణీత ఉత్సాహంగా చెప్పింది. చివరికి గొంతు తగ్గించింది.

"దయ్యం అయినంక అందరు దండం పెట్టి అడుగుతున్నరు, నీకేం గావాలె తల్లీ అని. బతికున్నప్పుడు ఒక్కలన్న అడిగిండ్రా? అడిగి ఉంటే ఈ నవలే లేదు. నేను దయ్యాల కథలు అందుకే చదువుత. అందుల్నన్న ఆమె మాట వింటరని."

అరుగు మీద వెలుతురు పోయింది. తల్లి కౌసల్య అన్నానికి పిలిచింది. కమలాకర్ లేవలేదు.

మరునాడు చానల్ కింద ఒక కామెంటు పడింది. రాసినవాడి పేరు 'దుప్పటి పట్టుకున్నోడు'. రెండో సగం ఇప్పుడే విన్నానని, తప్పయిందని, జవాబు అక్కర్లేదని, ఇంకెప్పుడూ ఎదుట పడనని రాసి ఉంది.

వారం తర్వాత రికార్డింగులో ప్రణీత ఆ కామెంటు చదివి, దుప్పటి బాగున్నదా అని అడిగింది.

అక్కడి నుంచి అతనూ ఆ నవలలు చదవడం మొదలుపెట్టాడు. చదివి రాసేవాడు. రక్తం తాగే హీరోకు పొద్దున పనేమీ ఉండదా అని ఒకసారి. ఇంత డబ్బున్నవాడు వానలో ఊరికే తడుస్తాడెందుకు, గొడుగు కొనొచ్చు కదా అని ఇంకోసారి. హీరోయిన్‌ను గదిలో పెట్టి తాళం వేసిన అధ్యాయం కింద మాత్రం, ఇది చదవలేకపోయాను, పుస్తకం మూశాను అని రాశాడు. ఆ రోజు ప్రణీత నేరుగా మెసేజ్ పెట్టింది. మూసుడు వచ్చిందన్న మాట అని. మెసేజ్‌లు ఫోన్లయ్యాయి. ప్రతిసారీ, ఇప్పుడు మాట్లాడొచ్చా అని అడిగాకే మాట మొదలుపెట్టేవాడు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత ఆ ప్రశ్న కోసమే ఫోన్ ఎత్తేది. మీరు అనేది ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

సంబంధం మళ్లీ కలుపుదామా అని మాత్రం అతను అడగలేదు. ఒకసారి వద్దన్న మనిషిని మళ్లీ అడగడం, పట్టుకోవడం ఒకటేనేమోనని భయం.

తర్వాత ఒక ఆదివారం రికార్డింగు రాలేదు. సాయంత్రం ప్రణీత ఫోన్ చేసింది. దుకాణానికొచ్చిన చుట్టాలావిడ ఎవరో, ఇది మీ బిడ్డ గొంతేనా అని తండ్రికి ఫోన్ చూపించిందట. పానం జల్లుమనేదాకా వినిపించి ఆపేసిందట. నెలాఖరుకు నౌకరి మానేసి ఇంటికి రావాలని తండ్రి చెప్పాడట.

"నేను ఏమన్న చెయ్యాల్నా?" అని అడిగాడు కమలాకర్.

"ఏం చెయ్యకు. ఉత్తగ విను" అంది. అతను విన్నాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది.

*

అమావాస్య నాడు ఆ ఊళ్లో మగ్గం తొక్కరు. వీధి వీధంతా చప్పుడు లేకుండా పడి ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో లింగస్వామి స్కూటర్ వచ్చి కమలాకర్ ఇంటి ముందు ఆగింది.

నీళ్లు తాగాడు. కూర్చోలేదు.

"పిలగా, ఆనాడు తప్పు నాదన్నవ్. నిజంగ నీదేనా? నా బిడ్డ ముచ్చట తెలిసి, దాని మీదికి రాకుండ అన్నవా?"

మామా అనే హక్కు లేదు. సారూ అంటే బాగుండదు. కమలాకర్ ఏమీ పిలవకుండానే జవాబు చెప్పాడు. "రెండూ నిజమే. నాకు ముందే తెలుసు. తప్పు గూడ నాదే. ఆమె మాటలు నేను గూడ మీ లెక్కనే సగం విన్న."

"ఇంక సగం ఏమున్నది?"

కమలాకర్ ఫోన్ తీశాడు. వేలు తెర మీద పెట్టబోయి ఆగాడు. ఒక్క నిమిషం అని పెరట్లోకి వెళ్లి జడ్చర్లకు ఫోన్ చేశాడు.

"మీ నాయిన మా ఇంట్ల ఉన్నడు. గడీ దయ్యం ముచ్చట ఆఖరుదాక వినిపియ్యాల్నని ఉంది. వద్దంటే వినిపియ్య."

అవతల ల్యాబు యంత్రాల మోత. అతను తొందరపెట్టలేదు.

"మొదటి సగం తీసేసి వినిపిస్తవా?" అని అడిగింది చివరికి.

"నువ్వెట్లంటే గట్ల."

"తియ్యకు. అది గూడ నేనే. మొత్తం వినిపియ్యి."

మొత్తం వినిపించాడు. లింగస్వామి మొదటి సగం అంతా గోడను చూస్తూ నిలబడ్డాడు. గుమ్మంలో కూర్చున్న కమలాకర్ అవ్వ నర్సింగమ్మ మాత్రం ఒక్కో చావుకు తృప్తిగా తలూపింది. అత్తను బావిలోకి లాగే చోట, మంచిగైంది దానికి, అని పైకే అంది. కౌసల్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆ గొంతు తగ్గింది. బతికున్నప్పుడు ఒక్కలన్న అడిగిండ్రా అన్న చోట లింగస్వామి మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు.

రికార్డింగు అయిపోయింది. ఏ మగ్గమూ దాన్ని కప్పలేదు.

"మొత్తం విన్నవు గద నాయినా" అంది నర్సింగమ్మ. "పిల్ల ఏం తప్పు మాట్లాడింది?"

లింగస్వామి తన ఫోన్ తీసి బిడ్డకు కలిపాడు. కొంచెం తడబడ్డాడు. ఆ ప్రశ్న అతనికి అలవాటు లేదు.

"బిడ్డా, నౌకరి మానమని చెప్పిన గానీ, మానుతవా అని అడుగలె. నీకేం గావాలె?"

అవతల ఏం చెప్పిందో ఎవరికీ వినబడలేదు. చాలాసేపు చెప్పింది. లింగస్వామి ఊఁ కొడుతూ విన్నాడు. ఆఖరున కమలాకర్ వైపు ఒకసారి చూసి, మంచిది, నౌకరి మానకు, వచ్చే ఆదివారం వస్తం అన్నాడు.

*

ఆదివారం లింగస్వామి దంపతులతో పాటు ప్రణీత కూడా వచ్చింది. ఇల్లు చూస్తానని తనే అడిగిందట. పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. వాన సన్నగా మొదలైంది.

కిటికీ పక్కన ఆసు ముందు కమలాకర్ నిలబడ్డాడు. రబ్బరు పట్టీలు కట్టిన దారాలను ప్రణీత వేలితో తాకీ తాకనట్టు తడిమింది. ఈ ముడి కింద రంగు అంటదా అని అడిగింది. అంటదన్నాడు.

"ప్రణీతా, ఒకటి అడగాలె" అన్నాడు. "ఒకసారి వద్దన్నవు. మళ్ల అడగొచ్చునా?"

ఆమె కళ్లు సగం మూసింది. ఒక అడుగు ముందుకేసింది. గొంతును వీలైనంత కిందికి దించింది.

"నీ ఇష్టంతోని నాకు పనిలేదు. ఇగ నువ్వు నా వానివి."

కమలాకర్ ఆమెను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"గొంతు ఏమైంది? జలుబా?"

ప్రణీత నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి ఆమె కళ్లలో సన్నటి నీటిపొర ఉంది. అసలు గొంతుతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. "ఆనాడు మెట్ల కాడ నువ్వు తప్పు నాదన్నవు చూడు, అప్పుడే నాకు..."

టకటకా టకటకా. పక్క గదిలో కమలాకర్ తండ్రి మగ్గం తొక్కడం అందుకున్నాడు. చుట్టాలకు నేత చూపిస్తున్నాడు.

ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఒక్క ముక్క వినబడలేదు. కమలాకర్ ఆమెను ఆగమన్నట్టు చెయ్యెత్తి, లోపలికి పరిగెత్తాడు. జీవితంలో మొదటిసారి తండ్రి చేతిలోంచి నాడెను ఆడించే పలక తాడు లాక్కొని మగ్గం ఆపాడు. తండ్రి, లింగస్వామి నోరు తెరిచి చూస్తుండగానే తిరిగొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. పెంకుల మీద వాన చప్పుడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు. "మొత్తం వింట."