కాపలా మెషీన్ బతకాలి

ఫావ్‌స్తో ఇంత్రియాగో చేపల పులుసు గిన్నెలోకి నిమ్మకాయ పిండుతున్నాడు.

"ఇవాళ ఉల్లిపాయలు దండిగా వేశానయ్యా ఇంజనీరూ. మళ్లీ వంకలు పెట్టావో, గరిటె తిరగేస్తా!" అంది తోపుడుబండి మీద పులుసు అమ్మే ఎర్లిందా.

ఫావ్‌స్తో నవ్వబోయాడు. అంతలో మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. వెనక కూర్చున్నవాడు హెల్మెట్ తియ్యకుండానే కాల్చాడు. మొదటి బుల్లెట్ ఫావ్‌స్తో గొంతులోంచి దూసుకుపోయింది. రెండోది తగిలేసరికే అతని ముఖం గిన్నెలో ఉంది. పులుసు ఎర్రబడింది.

ఎర్లిందా కెవ్వుమనలేదు. మరుగుతున్న గిన్నె ఎత్తి హంతకుడి మీదికి విసిరింది. వాడు తోలు ఊడినవాడిలా అరుస్తూ బండి మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. మోటార్ సైకిల్ గ్వాయకిల్ నగరం సందుల్లో మాయమైంది.

* * *

రేవు దగ్గర పళ్ల డాక్టర్ బోర్డు వెనక సీక్రెట్ సర్వీస్ ఆఫీసు. కర్నల్ బుస్తమాంతె మాటలు పొదుపుగా వాడే మనిషి.

"చచ్చిపోయినవాడు లోమా వెర్దె నీటి ప్లాంటులో సర్వర్ చూసేవాడు. చంపించింది సాలమాండ్ర."

ఏజెంట్ వెల్లింగ్టన్ కిన్యోనెస్ నిటారుగా కూర్చున్నాడు. సాలమాండ్ర అంటే సముద్రం అవతలి ముఠా. నగరాన్ని భయపెట్టి రేవుని గుప్పిట్లో పెట్టుకోవాలని చూస్తోంది.

"ప్లాంటులో ఒకే ఒక్క పెద్ద సర్వర్. దాని కడుపులో ఇంకా కొన్ని మెషీన్లు నడుస్తుంటాయి, కంటికి కనిపించనివి. అందులో ఒకటి కాపలా మెషీన్. ముఠా ప్రోగ్రామ్ క్లోరిన్ ట్యాంకుల వాల్వులు తెరవమని ఆపకుండా ఆర్డర్లు వేస్తోంది. కాపలా మెషీన్ ఆ ఆర్డర్లని అడ్డుకుంటోంది. అది ఆగిందా, గ్యాస్ కొండ కింది బస్తీల మీదికి దిగుతుంది. చేత్తో మూద్దామంటే వాల్వుల చక్రాలు కోసేశారు."

"మరి మన గొడవేంటి సార్?"

"సర్వర్ డిస్కులో రెండు పార్టిషన్లు, అంటే రెండు గదులనుకో. ముందుది చిన్నగది, రూట్. అసలు సిస్టమ్ అందులో ఉంటుంది. వెనకది పెద్దగది, డేటా. లోపలి మెషీన్లన్నీ అందులో ఉంటాయి. రూట్‌ని ఎవరో చెత్తతో కుక్కేశారు. ఆ చెత్తకి తాళం కూడా వేశారు, తుడవడం కుదరదు. రూట్‌కి ఊపిరాడకపోతే కాసేపట్లో అన్నీ ఆగిపోతాయి. వెళ్లి రూట్‌ని పెంచు. చోటు దొరికితే మన వాళ్ల ప్రోగ్రామ్ లేచి ముఠా ప్రోగ్రామ్ పని పడుతుంది. పాస్‌వర్డ్ ఫావ్‌స్తోకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలుస్తుంది."

కర్నల్ అతని చెవిలో ఏదో చెప్పాడు. "రాజధాని కిటో నుంచి సర్వర్ ఎక్స్‌పర్ట్ వస్తోంది. ఇవెట్ జల్దుంబిదె. ఆవిడ చెప్పినట్టు చెయ్."

* * *

ప్లాంటుకి వెళ్లే దారి మలుపులో తెల్ల సూటు, నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు ఎదురుచూస్తున్నాయి.

"అరటి ఉండలో చీజ్ పెట్టించనా, పంది మాంసమా?" అడిగింది.

"రెండూ. ఉప్పు మాత్రం వద్దు."

కోడ్ సరిపోయింది. ఇవెట్ వ్యాన్ ఎక్కింది. వెల్లింగ్టన్ ఏసీ మెకానిక్ వేషంలో ఉన్నాడు. పక్కన గ్యాస్ సిలిండర్. అడుగు తిప్పితే ఊడే ఆ సిలిండర్‌లో గ్యాస్ లేదు, అవసరపడితే వాడమని కర్నల్ ఇచ్చిన పెద్ద సైజు డిస్కొకటి ఉంది.

గేటు దగ్గర సెక్యూరిటీవాడు కాగితాలు అడిగాడు. వాడి మెడ మీద తాజాగా కాలిన బొబ్బలు. ఎర్లిందా పులుసు!

"ఏంటి తమ్ముడూ, వేడివేడిగా తిన్నావా?" అన్నాడు వెల్లింగ్టన్.

వాడి చెయ్యి తుపాకీ మీదికి వెళ్లింది. వెల్లింగ్టన్ వ్యాన్ తలుపు విసురుగా తెరిచాడు. వాడి మోకాలు విరిగిన చప్పుడు. రెండోవాడు గేటు గది లోపల్నుంచి కాల్చాడు. వెల్లింగ్టన్ ఎడమ భుజం మంటెత్తింది. పడుతూనే కాల్చాడు. రెండోవాడు గోడకి జారగిలబడి మళ్లీ లేవలేదు. మొదటివాడు కత్తితో పాకుతూ వస్తుంటే స్పానర్‌తో దవడ పగలగొట్టాడు.

ఇవెట్ అద్దం చూసుకుని జుట్టు సర్దుకుంది. "పద. టైమ్ లేదు."

* * *

సర్వర్ గదిలో స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు. రూట్ పూర్తిగా నిండింది. కాపలా మెషీన్ ఇంకా కొట్టుకుంటోంది. వెల్లింగ్టన్ నెత్తుటి వేళ్లతో పాస్‌వర్డ్ కొట్టాడు.

"ఇక సింపుల్," ఇవెట్ అతని భుజం మీదికి వంగింది. సెంటు గుప్పుమంది. "డేటా పార్టిషన్ డిలీట్ చెయ్. ఆ చోటంతా రూట్‌కి కలిపెయ్. అందరూ చేసేదే."

నిజమే. అందరూ అలాగే చేస్తారు. కానీ కొత్త సర్వర్‌లో, లోపల ఏమీ లేనప్పుడు. అతని వేలు ఎంటర్ మీద ఆగిపోయింది.

"కాపలా మెషీన్ ఆ డేటాలోనే ఉంది కదమ్మా?"

"దాన్ని కొంచెం కుదించు, సగం మిగుల్తుంది."

"ఈ రకం పార్టిషన్‌ని పెంచగలం. కుదించలేం. ఉంచాలి, లేదంటే మొత్తం తీసెయ్యాలి. ఆ సంగతి ఎక్స్‌పర్ట్‌కి తెలియకుండా ఉంటుందా?"

ఈమె ముఠా మనిషి. రూట్‌ని నింపింది మెషీన్ని ఆపడానికే కాదు. మన వాళ్లే కంగారులో, మన చేత్తోనే కాపలా మెషీన్ని చంపాలని! పాస్‌వర్డ్ లేక ముఠా చెయ్యలేని పని అదొక్కటే. ఫావ్‌స్తో ఒప్పుకోలేదు, చచ్చాడు.

చల్లటి ఇనుము అతని మెడకి తగిలింది.

"తెలివైనవాడివే. ఎంటర్ నొక్కు," అంది ఇవెట్.

"కింద స్కూళ్లున్నాయి."

"నేను అక్కడ చదవలేదులే."

వెల్లింగ్టన్ ఒక్కసారిగా కిందికి జారాడు. ఆమె కాల్చింది. బుల్లెట్ అతని తొడలో దిగింది. సిలిండర్ అందుకుని ఆమె మణికట్టు మీద బలంగా కొట్టాడు. ఎముక విరిగి తుపాకీ ఎగిరిపడింది. ఆమె ఎడమ చేత్తో సూటు జేబులోంచి కత్తెర లాగి అతని పొట్టలోకి దింపబోయింది. అతను ఆ చెయ్యి పట్టుకుని, తలతో ఆమె ముఖాన్ని గుద్దాడు. తెల్ల సూటు మీద నెత్తురు చిమ్మింది. ఆమె ఇనుప ర్యాక్‌కి తగిలి కూలిపోయింది.

అతను పాకుతూ సిలిండర్ అడుగు తిప్పాడు. డిస్కు తీసి సర్వర్‌కి తగిలించాడు. కాపలా మెషీన్‌తో సహా లోపలి మెషీన్లన్నిటినీ నడుస్తుండగానే కొత్త డిస్కు మీదికి తరలించమని ఆర్డర్ ఇచ్చాడు. గీత మెల్లిగా జరుగుతోంది. కళ్లు మసకబారుతున్నాయి. బెల్టు విప్పి తొడ బిగించుకున్నాడు.

"కదలవే... కదులు తల్లీ..."

బయట సైరన్ మోగింది. స్క్రీన్ మీద కాపలా మెషీన్ గుర్తు పచ్చ నుంచి పసుపు అయింది, పసుపు నుంచి ఎరుపు. ఎక్కడో కింద ఒక వాల్వు కీచుమంటూ కదిలింది.

తరలింపు పూర్తయింది!

డేటా పార్టిషన్ డిలీట్. ఎంటర్. రూట్‌ని పెంచు. ఎంటర్. లోపలి ఫైల్ సిస్టమ్‌ని కూడా ఆ మేరకు సాగదియ్. ఎంటర్.

ఎరుపు గుర్తు ఒక్కసారి ఆరింది. మరుక్షణం పచ్చగా వెలిగింది. చోటు దొరకగానే కర్నల్ మనుషుల ప్రోగ్రామ్ లేచి ముఠా ప్రోగ్రామ్ పీక నులిమింది. కింది వాల్వు మళ్లీ కీచుమని మూసుకుంది.

వెల్లింగ్టన్ ఇవెట్ చేతులకి నెట్‌వర్క్ కేబుల్ చుట్టి, ముడి బిగించి, ఆమె పక్కనే స్పృహ తప్పాడు.

* * *

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. లావుపాటి నర్సొకావిడ గ్లాసు చేతికిచ్చింది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"అక్కా, ఈ నీళ్లలో క్లోరిన్ కంపు కొడుతోంది."

"ఈ ఊళ్లో ఎప్పుడూ ఉండేదేగా!" విసుక్కుంది ఆవిడ. "అంత బాధగా ఉంటే ప్లాంటుకి వెళ్లి అడుగు, వాళ్లక్కడ ఏం వెలగబెడుతున్నారో."