గరుకు పుస్తకం

"ఇదేటి బొమ్మ సార్? మనిసీ నేదు, సెట్టూ నేదు!" అంటూ కామేష్ పాత పుస్తకం అట్ట చూసి గీసిన తన అట్టముక్కని పైకెత్తి చూపించాడు. మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చి కూర్చున్న ఐదో తరగతి పిల్లలంతా గొల్లున నవ్వారు.

ధనరాజు మాస్టారు కూడా నవ్వారు. "లేకపోతే ఏమైంది? ఈ పాత పుస్తకాల మీద మాత్రం మనుషులున్నారా?" అన్నారు.

హుకుంపేట వైపు కొండల్లోకి సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. అక్కడొక చిన్న ఊళ్ళో బడి అంటే రెండు గదులు, ఒక వరండా, ఒక రేకు పెట్టెడు పుస్తకాలు. మాస్టారు వాటిని విశాఖపట్నంలో పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి ఏరుకొచ్చారు. ఇప్పటి పుస్తకాల్లా నిగనిగలాడే అట్టలు కావు వాటివి. ముతక గుడ్డ అతికించిన దళసరి అట్టలు. వాటి మీద లోపలికి నొక్కిన గీతలు, వెలిసిపోయిన వలయాలు, అక్కడక్కడ చెరిగిపోగా మిగిలిన బంగారు రంగు. ఎంత బాగుండేవో! ఇప్పుడు తలుచుకున్నా ఆ గరుకు చేతికి తగులుతున్నట్టే ఉంటుంది.

"పుస్తకం అట్టని ఉన్నదున్నట్టు దించొద్దు. దాని మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకోండి. ఏమనిపిస్తే అది వెయ్యండి. మీ బొమ్మ కూడా చేతికి తగలాలి" అన్నారు మాస్టారు.

ఇంకేముంది, బడంతా బురద బురద అయింది. సబ్బుల పెట్టెల అట్టలు, చోడిపిండి, అంటే రాగిపిండి, ఉడికించిన జిగురు, ఎర్రమన్ను, సున్నం, బొగ్గుపొడి, కాఫీ గింజల పొట్టు, బట్టలకు పెట్టే నీలిమందు. ఒకరు దువ్వెనతో గీశారు. ఇంకొకరు మొక్కజొన్న కండెని దొర్లించారు. కామేష్ అయితే ఏకంగా మోచెయ్యి ముంచాడు.

అన్నిటిలోకీ మంచి బొమ్మ విశాఖపట్నం పిల్లల ప్రదర్శనకి వెళ్తుంది. బొమ్మతోపాటు, వేసినవాళ్ళు కూడా! జీపులో అరకు వెళ్ళి, అక్కడ రైలెక్కాలి. బొర్రా, టైడా స్టేషన్లు దాటేలోపు సొరంగాలే సొరంగాలట. సొరంగం వస్తే పెట్టెంతా చీకటైపోతుందట. పిల్లలూ పెద్దలూ ఒకటే కేకలట. అదే తరగతిలోని గాయత్రి రైలుని కొండ మీద నుంచి చూసిందే తప్ప ఎప్పుడూ ఎక్కలేదు. ఆ వారమంతా ఆ పిల్లకి అన్నం సయించలేదు.

ఆమెకి నచ్చింది పెట్టెలోని ఆకుపచ్చ పుస్తకం. దాని గుడ్డ అన్నిటికంటే గరుకు. ఆ గరుకే తన బొమ్మలోనూ రావాలి. చోడిపిండి మందంగా పూసింది. ఎండి, పెళుసై రాలిపోయింది. పొట్టు కలిపింది. అదీ రాలిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి పుస్తకాన్నే సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. 'పుస్తకమంటే లోపలి కాగితాలే కదా, అట్ట పైన తొడుక్కున్న చొక్కా. చొక్కా విప్పితే ఏమవుతుంది?' అని తనకు తనే సర్దిచెప్పుకుంది. తడిగుడ్డతో ఒత్తి, మెల్లగా లాగింది. గుడ్డ ఊడి వచ్చేసింది. దాన్ని తన అట్ట మధ్యలో అతికించి, ఎర్రమన్ను పూసి, నీలిమందుతో ఒక వలయం తిప్పి, సున్నంతో గీతలు లాగింది. గుడ్డ లేని పుస్తకాన్ని మర్నాడు పెట్టె అడుగున దాచేసింది.

మాస్టారు బొమ్మని చేతిలోకి తీసుకున్నారు. దాని మీద వేళ్ళతో నిమిరారు.

"ఈ గరుకు ఎలా తెచ్చావమ్మా?"

"జిగురుతో సార్" అంది గాయత్రి, నేల చూపులు చూస్తూ.

"శనివారం పొద్దున్నే జీపొస్తుంది. రెడీగా ఉండు!"

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. గాయత్రికి మాత్రం ఆ చప్పట్లు ఎందుకో రుచించలేదు.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు పెద్దపిల్లలు ఒకటో తరగతి వాళ్ళకి కథ చదివి వినిపించాలి. ఆ చిన్నవాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడే భాష వేరు. తెలుగు మాటలు వచ్చినా, అక్షరాలు వాళ్ళకింకా అబ్బలేదు. అందుకని పుస్తకాలకి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు, అట్టలు తడిమి చూసి. గీతల పుస్తకం, గుండ్రాల పుస్తకం, నున్న పుస్తకం. అందరికీ ప్రాణమైనది మాత్రం గరుకు పుస్తకం. అందులో ఎలుగుబంటి తేనె పంచే కథ ఉంది. ఒక్క బొమ్మా లేదు, అయినా సరే అదే కావాలి.

బయట ముసురు. కరెంటు లేదు. గాయత్రి తమ్ముడు బుధు పెట్టెలో చెయ్యి పెట్టి ఒక్కొక్క పుస్తకమూ తడిమాడు. మళ్ళీ తడిమాడు. వాడి మొహం చిన్నబోయింది.

"అక్కా, గరుకు పుస్తకం నేదు! ఎవులో ఒట్టుకుపోనారు!"

గాయత్రి గబగబా పెట్టె దగ్గరికొచ్చింది. అడుగున ఉన్న పుస్తకాన్ని తీసి, "ఇదేరా అది" అంది.

బుధు దాన్ని నిమిరి చూశాడు. "ఇది కాదు" అన్నాడు.

గాయత్రి పుస్తకం తెరిచి మొదటి వాక్యం చదివింది. బుధు ఒప్పుకోలేదు. "నువ్వు నోటికొచ్చింది సెప్తన్నావు. పుస్తకం ఏదీ?" అని ఏడుపు లంకించుకున్నాడు. వాడి వెనక మిగతా చిన్నవాళ్ళు కూడా మొదలెట్టారు. ఇంతలో గాలికి రెండు కాగితాలు కుట్టు వదిలి వరండా దాటి ఎగిరిపోయాయి. గాయత్రి వానలోకి పరుగెత్తి వాటిని ఏరుకొచ్చింది. తడిసిన కాగితాలు గుండెలకి హత్తుకుని తిన్నగా మాస్టారి దగ్గరకి వెళ్ళింది.

"సార్... జిగురుతో కాదు సార్" అంది. తక్కినదంతా ఏడుస్తూ చెప్పింది.

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఏం చేద్దామంటావు?" అని మాత్రం అడిగారు.

గుడ్డని ఊడదీద్దామని చూసింది. మన్నూ జిగురూ రంగూ కలిసి గట్టిపడిపోయాయి. కింది అట్టతో కలిపి కోస్తే తప్ప రాదు. కోస్తే బొమ్మ ఉండదు. బొమ్మ లేకపోతే రైలూ లేదు. గాయత్రి బొమ్మ మీద ఒకసారి చెయ్యి వేసి, కళ్ళు మూసుకుంది. తర్వాత మాస్టారి బల్ల మీది కత్తెర తీసుకుంది.

ఆ సాయంత్రం మాస్టారు పట్టుకుంటే, కోసిన ముక్కని ఆమె పుస్తకానికి దబ్బనంతో కుట్టింది. తడిసిన కాగితాలు కూడా ఆరబెట్టి లోపల చేర్చింది.

శనివారం జీపొచ్చింది. ఆ బొమ్మ బదులు ఎంచిన తన మోచేతి బొమ్మని సంచిలో పెట్టుకుని కామేష్ ఎక్కాడు. "నువ్వు రావేటి, గాయత్రీ?" అన్నాడు పాపం, నిజంగానే బాధపడుతూ.

"ఎల్లిరా. సొరంగంలో నా పేరు సెప్పి ఒక కేక ఎయ్యి" అంది గాయత్రి. జీపు కదలకముందే వెనక్కి తిరిగింది.

వరండాలోకి వచ్చి, చిన్నవాళ్ళ మధ్య కూర్చుని, పుస్తకం బుధు ఒళ్ళో పెట్టింది. వాడు అనుమానంగా చూశాడు.

"ఎర్రగా ఉందేటి?"

కళ్ళు మూసుకున్నాడు. అరచెయ్యి ఆనించి, పై నుంచి కింద దాకా నెమ్మదిగా రాశాడు. వాడి మొహం విచ్చుకుంది.

"గరుకు పుస్తకమే! సదువక్కా, బేగి!"

మలుపు దగ్గర జీపు హారన్ వినిపించింది. గాయత్రి తల తిప్పలేదు. కళ్ళు తుడుచుకుని, మొదటి పేజీ తెరిచింది.