పొయ్యి మీది మూట

ఆ నల్లటి పొడి నాలుకకు తగలగానే ఓబులయ్యకు ఒక సంగతి తెలిసిపోయింది. ఈ రుచి తను చెప్పింది కాదు.

జొన్నరొట్టె తుంచి, పొడి అద్దుకుని మళ్ళీ తిన్నాడు. వేయించిన వెర్రినువ్వుల కమ్మదనం, దాని వెనక వెల్లుల్లి, ఆ వెనక నెమ్మదిగా ఎక్కే కారం. బాగుంది. బాగుండటమే అతనికి నచ్చలేదు.

"హుబ్లీ దిక్కు పొడి బావా. ఎట్లుంది?" పొయ్యి ముందు కూర్చున్న సుబ్బులు అడిగింది.

"ఉప్పు తక్కువైంది."

"నువ్వెప్పుడూ అదే మాటంటావు."

"హుబ్లీలో ఇట్ల చెయ్యరు."

"నువ్వు హుబ్లీ ఎప్పుడు పోయినావు?"

ఓబులయ్య నమిలాడు. నోట్లో ఏమీ లేకపోయినా నమిలాడు. "మన రైలు ఆ దిక్కుకే కదా పోయేది."

"అయితే వాసన నీ పెట్టె దాకా వచ్చింటాదిలే." ఆమె నవ్వి రొట్టె తిప్పింది.

ఓబులయ్యది మార్కాపురం. పలకల కంపెనీలో ఏజెంటు. చెన్నపట్నం, బెంగుళూరు, సికింద్రాబాదు తిరిగి బడిపిల్లల పలకలకు ఆర్డర్లు తెస్తాడు. తిరిగి రాగానే సర్వీసు బస్సెక్కి దోర్నాలలో మేనమామ మాలకొండయ్య హోటలుకు వచ్చేస్తాడు. మామ కూతురు వెంకటసుబ్బులమ్మకు తను ఎక్కడ ఏం తిన్నాడో చెప్తాడు. విన్నదాన్ని ఆమె వండుతుంది. చెన్నపట్నం పొంగలి అట్లాగే వండింది. సికింద్రాబాదు బగారా వంకాయ అట్లాగే వండింది. రెండూ బాగానే కుదిరాయి. రెండింటికీ అతను ఉప్పు తక్కువైందనే అన్నాడు.

ఎందుకన్నాడో ఇన్నాళ్ళూ ఆలోచించుకోలేదు. ఇప్పుడు ఈ పొడి ముందు కూర్చుంటే అర్థమవుతోంది. ఏదో ఒకటి తక్కువైతేనే ఆమె మళ్ళీ తనను అడుగుతుంది. మార్కాపురం దాటని సుబ్బులుకు లోకమంతా తన నోటి మాటగానే అందాలని అతని కోరిక. మరో దారి కూడా ఉందని తెలిసేసరికి ఆకలి చచ్చిపోయింది.

పైగా ఈసారి అతను తినడానికి రాలేదు. పెద్దవాళ్ళు వాళ్ళిద్దరికీ పెళ్ళి అనుకున్నారు. మాలకొండయ్య మాత్రం, "అమ్మి తన నోటితో సరేనని చెప్పాల. ఆ తర్వాతనే నాతో మాట్లాడు" అన్నాడు. ఉగాది లోపల చెప్తానంది సుబ్బులు. ఉగాది దగ్గరపడింది.

"ఈ పొడి ఎవరు నేర్పినారు సుబ్బులూ?"

"చెప్తే ఏమిస్తావు?"

"ఎవరు?"

"అబ్బో! రైలు నీ ఒక్కడికేనా ఉండేది?"

బయట బస్సు హారన్ మోగింది. సుబ్బులు చేతులు తుడుచుకుని పరిగెత్తింది. ఎప్పుడూ ఇట్లాగే పరిగెత్తుతుందా? ఓబులయ్య కిటికీలోంచి చూశాడు.

శ్రీశైలం పోయే కన్నడ యాత్రికులు దిగుతున్నారు. బస్సు పైకెక్కిన కండక్టర్ పుల్లయ్య మూటలు ఒక్కొక్కటిగా కిందికి అందిస్తున్నాడు. ఖాకీ చొక్కా, మెడలో విజిల్, దువ్విన క్రాపు. మొన్నమొన్నటిదాకా బళ్ళారి బస్సుల్లో చేసి వచ్చాడు. బళ్ళారి! ఓబులయ్య మనసులో రైలు నేరుగా హుబ్లీ దాకా పోయింది.

"సుబ్బులమ్మా, పట్టుకో! పోయినసారి పెట్టిన పొడి శానా బాగుండిందమ్మా. దానికోసమే రొట్టెలెక్కువ తినినా."

"ఇంకా ఉందిలే. పోయేటప్పుడు తీసుకపో."

అంటే తనకంటే ముందే తిన్నాడు. మిగిలింది తనకు పెట్టారు.

ఓబులయ్య కిటికీ వదిలి వెనక్కి తిరిగాడు. అప్పుడు కనపడింది, పొయ్యికి పైన దూలానికి వేలాడుతున్న పచ్చగుడ్డ మూట.

ఆ ఇంట్లో మూటలు కొత్త కాదు. ఇక్కడినుంచి కొండకు అడవి దారిలో నడక. బరువు తగ్గించుకోవడానికి యాత్రికులు తిరుగు ప్రయాణపు తిండి సరుకులు మూటగట్టి ఈ హోటల్లో వదిలిపోతారు. పేరు రాయరు, అడగరు. ఎవరి ముడి వాళ్ళకు గుర్తు. దిగి వచ్చాక ముడి చూసుకుని తీసుకుంటారు. అయితే ఆ మూటలన్నీ వసారాలో కొయ్యలకు వేలాడతాయి. వంటింట్లోకి ఏ మూటా రాదు. ఇది వచ్చిందంటే యాత్రికులది కాదు. సుబ్బులుకు ఎవరో తెచ్చి ఇచ్చింది.

విప్పకూడదని అతనికి తెలుసు. కానీ ఆ క్షణంలో అతని చేతులు అతని మాట వినలేదు. లేదా అసలు వినింది అతని మాటే. ముడి విడిపోయింది.

జొన్నపిండి. బెల్లం ముక్క. చిన్న గుడ్డలో కట్టిన నల్లటి పొడి. వాటి కింద ఒక విభూతి గడ్డ, మడతపెట్టిన కన్నడ దిక్కు పాత ఇల్కల్ నేతచీర. చీర అంచుకు ముసలి చేతులు వేసిన వంకర కుట్లు.

ఇది యాత్రకొచ్చిన ఎవరో ముసలామె మూట. ఓబులయ్య గబగబా మూట కట్టాడు. ముడి మాత్రం కుదరలేదు. అది ఈ ప్రాంతపు ముడి కాదు. కొస ఎక్కడినుంచి దూరిందో, ఎక్కడ తేలిందో తెలియదు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ కట్టాడు.

"విప్పినావా?"

సుబ్బులు గడపలో నిలబడి ఉంది.

"పుల్లయ్య ఇచ్చినాడనుకున్నా."

"పుల్లయ్యా?" ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. "ఆయప్ప పెద్దబిడ్డ బడికి పోతాంది. మీ కంపెనీ పలకే కొనిచ్చినాడు. నీకేమన్నా పిచ్చా బావా?"

మామూలుగా అయితే ఈ మాటకు ఆమే ముందు నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు.

"తాత కాలం నించి ఈ ఇంట్లో ఒకరి ముడి ఒకరు విప్పలేదు. అందుకే కదా ముక్కూమొగం తెలియనోళ్ళు కూడా మూటలు ఇడిసిపోయేది. ఈ మూట ఇడిసిపోయిన కన్నడ అవ్వ ఈ పొద్దే కొండ దిగతాది. నువ్వే చెప్పుకో. అంతదాకా నన్నేమీ అడగొద్దు."

పొద్దు వాలకముందే అవ్వ వచ్చింది. పేరు నీలవ్వ. గదగు దగ్గర ఏదో ఊరు. వంగిన నడుము, నుదుట మూడు విభూతి రేఖలు. మూట చేతికి తీసుకుని ముడి చూసింది. తర్వాత అందరి మొహాలూ చూసింది.

మాలకొండయ్య గల్లా దగ్గరనుంచి లేచి నిలబడ్డాడు. "ఏంది అమ్మీ?" అన్నాడు. సుబ్బులు ఓబులయ్య వైపు చూసింది.

ఓబులయ్య ముందుకు వచ్చాడు. బెంగుళూరులో నేర్చుకున్న కన్నడం కాస్త ఉంది. అది సరుకు అమ్మడానికి నేర్చుకున్నది. "అవ్వా, నాను తప్పు మాడిదె. నాను బిచ్చిదె" అని, ముడి విప్పినట్లు చేతులతో చూపించాడు.

"యాకప్పా?" అంది అవ్వ. ఎందుకు నాయనా అని.

అసూయకు కన్నడంలో ఏమంటారో అతనికి తెలియదు. తెలుగులో కూడా ఆ మాట తన గురించి ఎప్పుడూ అనుకోలేదు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. తర్వాత సుబ్బులును చూపించాడు. తర్వాత, తిరుగు బస్సు వేళ దాకా బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్న పుల్లయ్యను చూపించాడు.

"నన్నెందుకు చూపిస్తాండావన్నా?" పుల్లయ్య గ్లాసు దించాడు.

నీలవ్వ ముగ్గురినీ వరసగా చూసింది. పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. మాలకొండయ్య కూడా మీసం కింద నవ్వుకుంటూ గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు. అవ్వ ఓబులయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, మూట విప్పి, తన ముడి ఎట్లా వెయ్యాలో చూపించింది. అతను తప్పు వేసినప్పుడల్లా చేతిమీద చిన్న దెబ్బ. కుదిరాక, మూట చంకన పెట్టుకుని బస్సెక్కింది. ఎక్కేముందు సుబ్బులు గడ్డం పుణికి ఏదో చెప్పింది. సుబ్బులుకు భాష రాకపోయినా తలూపింది.

బస్సు పోయాక ఇద్దరూ వంటింట్లో మిగిలారు.

"కొండకు పోయేముందు అవ్వ నాలుగు దినాలు కాళ్ళనొప్పులతో ఈడనే ఉండిపోయింది" అంది సుబ్బులు, వంకాయలు తరుగుతూ. "పొడికి చెమ్మ తగలకూడదని పొయ్యి మీద కట్టమనింది. పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని వండుకునేది. నేను పక్కన కూర్చొని చూసేదాన్ని. చిన్నప్పటినించి చూస్తానే ఉండా బావా. మరాఠీలు, అరవలు, కన్నడమోళ్ళు. వాళ్ళు ఎవరి చేతి వంటా తినరు, వాళ్ళే వండుకుంటారు. నీ చెన్నపట్నం పొంగలి, నువ్వు రైలెక్కకముందే నాకు తెలుసు."

ఓబులయ్య తలెత్తాడు. "మరి నేను చెప్తుంటే, ఏమీ తెలియనట్టు వినినావే?"

"చెప్పేటప్పుడు నీ మొకం బాగుంటాది." కత్తిపీట మీదనుంచి చూపు ఎత్తకుండానే అంది. "కానీ నేనేం చూసినానో, ఏం తినినానో, నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు."

ఊళ్ళన్నీ తిరిగి వచ్చినవాడు తనే అని ఓబులయ్య అనుకున్నాడు. ఊళ్ళన్నీ ఈ పెరటికే నడిచి వచ్చాయి.

"ఇప్పుడు అడుగుతాండా. మరాఠీవాళ్ళు ఏం వండుతారు?"

ఆమె చెప్పింది. కూర ఉడికేదాకా చెప్తూనే ఉంది. శనగపిండి ఎట్లా కలుపుతారో గాలిలో చేతులు తిప్పి చూపించింది. అతను వింటున్నాడు. చెప్పేటప్పుడు ఆమె మొకం కూడా బాగుంది.

ఆకులో రొట్టె పెట్టి, గుత్తివంకాయ కూర వడ్డించింది. అతను తింటూ, "చెప్పు, తర్వాత?" అన్నాడు.

"ముందు కూర ఎట్లుందో చెప్పు."

"ఏమీ తక్కువ కాలేదు."

"సరిగ్గా చూసి చెప్పు."

"చూసే చెప్తాండా సుబ్బులూ. ఏమీ తక్కువ కాలేదు."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. "దాంట్లో ఉప్పే వెయ్యలేదు బావా."

ఓబులయ్య మళ్ళీ ఒక ముద్ద పెట్టుకున్నాడు. నిజమే. చప్పగా ఉంది.

"ఉన్న ఉప్పును లేదన్నప్పుడు నీకు పెళ్ళి జవాబు చెప్పబుద్ధి కాలేదు" అంది సుబ్బులు, ఉప్పు జాడీ అతని ముందుకు జరిపి. "పెళ్ళయినాక హుబ్లీకి నన్ను గూడా తీసుకపో. ఆడి పొడిలో ఉప్పు ఎంతుంటాదో ఇద్దరం కలిసి చూద్దాం."

తర్వాత హోటలు వైపు తిరిగి గట్టిగా కేక వేసింది. "నాయనా! బావ నీతో ఏందో మాట్లాడాలంట!"

"రమ్మను అమ్మీ, ఈడనే ఉండా!"

ఓబులయ్య జాడీ ముట్టుకోలేదు. ఆ చప్పటి ముద్దను మింగి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.