నాలుగో కణుపు గడియారం

అంగారకుడి మీద దుమ్ము తుఫాను ఎత్తుకుందంటే ఎవరూ గుమ్మటం దాటి బయటికి పోరు. గుమ్మటాల మధ్య సొరంగాల తలుపులు కూడా బిగించేస్తారు. అయినా పనులేవీ ఆగవు. రెండో గుమ్మటంలో చిక్కుకుపోయిన పంతులమ్మ ఐదో గుమ్మటం పిల్లలకి ఎక్కాలు చెబుతూనే ఉంటుంది. మూడో గుమ్మటం వంటవాడు ఆరో గుమ్మటం వంటగదిలో పులుసు ఉప్పుకషాయమైందని కేకలేస్తూనే ఉంటాడు. చెప్పేదీ కేకలేసేదీ వాళ్ల బదులుమనుషులు.

బదులుమనిషి అంటే బొమ్మ కాదు, రోబో కాదు. ఒక ఖాతా ఫైలు, దానికో గొంతు. మనిషి జ్ఞాపకాలు, మాటతీరు, అధికారాలు, ఎవరిమీద ఎంత నమ్మకం, ఎవరిమీద ఎంత కోపం, అన్నీ అందులో ఉంటాయి. గుమ్మటానికో కంప్యూటర్ చొప్పున ఆరు, ఆరూ కలిసి ఒక క్లస్టర్. ఇంజనీర్లు నోడ్ అనేదాన్ని కాలనీ జనం వెదురుని తలుచుకుని కణుపు అన్నారు. మొదటి గుమ్మటంలోది తల కణుపు. ఎవరైనా తమ మనసు మార్చుకుంటే ఆ మార్పు ముందు తల కణుపులో చేరి, అక్కణ్ణుంచి గంటగంటకీ మిగతా ఐదింటికీ వెళ్తుంది. ఆ పనికి సమకూర్పు అని పేరు. దానివల్లే ఒక మనిషి ఆరు చోట్లా ఒక్క మనిషిగానే ఉంటాడు. ఇక్కడో మాట, అక్కడో మాట అనడం ఆ కాలనీలో కుదరదు.

సమకూర్పుని కనిపెట్టింది కౌముది. ఇప్పుడు కుదరకుండా పోయింది కౌముది ఖాతానే.

"మళ్లీ అంతే మేడం," అన్నాడు మొదటి గుమ్మటంలో ఆమె పక్కనే కూర్చున్న ఇస్మాయిల్. ఆమెతో కలిసి పనిచేసే ఇంజనీరు అతను, నవ్వు మొహం పెట్టకుండా జోకులేస్తాడు. "ఐదు కణుపుల్లో మీరు వద్దంటున్నారు. నాలుగో దాంట్లో కావాలంటున్నారు. మా ఇంట్లో కూడా ఇంతేగానీ, దానికి మా ఆవిడా నేనూ ఇద్దరం కావాలి."

"ఆ మాటలాపి లాగ్ చూడు."

ఆ సాయంత్రం కాలనీ సభ. నాలుగో గుమ్మటంలోని వరిమడి ఉంచాలా, మూసెయ్యాలా అన్నదే విషయం. మడి కౌముది అక్క మందాకినిది. ఆ ఎర్రమట్టిలో వరి వెన్ను తీయించడానికి ఆమె ఏళ్లు ధారపోసింది. కానీ మడి నీళ్లు తెగ తాగుతుందని సగంమంది గొడవ. సభలో ఆరుగురు చెరి సగమై ఉన్నారు. ఏడో ఓటు కౌముదిది. ఆరు కణుపుల్లోనూ ఖాతా ఒకేలా లేకపోతే ఆ ఓటు చెల్లదు. అప్పుడు మడి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడు ఇస్మాయిల్. "దీన్నిలా వదిలెయ్యండి. ఓటు చెల్లదు, మడి మిగుల్తుంది. మీరు మూసెయ్యమన్న మాట కూడా మీ ఫైల్లో అలాగే ఉంటుంది. ఎవరి పరువూ పోదు."

"లోపం లోపమే. మా అక్కకి లాభమని వదిలేస్తే, రేపు ఇంకెవరి లాభానికి వదలమంటావు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె దాన్ని మనస్ఫూర్తిగా నమ్మింది. ఆ నమ్మకం కింద ఇంకొకటుందని ఆమెకి తెలుసు. దానివైపు చూడదు, అంతే. తుఫానుకి ముందు జరిగిన సభలో మందాకిని లేచి, "మా చెల్లికి మనుషులతో మాట్లాడ్డం చేతకాదు. అందుకే తనకి బదులు మాట్లాడ్డానికి ఇన్ని నకళ్లు చేసుకుంది," అంది. అందరూ నవ్వారు. కౌముది కూడా నవ్వింది. గదికి వచ్చి తన ఖాతా తెరిచి, అక్క మీద నమ్మకం తీసేసింది. మడి ఉంచాలన్న చోట మూసెయ్యాలని రాసింది. కారణం అడిగిన చోట 'నీటి పొదుపు' అని నింపింది.

ఇప్పుడు పట్టుదలగా ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్లింది. ఖాతా తాళాలు సరిగ్గానే ఉన్నాయి. కణుపుల మధ్య దారి తెరిచే ఉంది. తన ఫైలుని చేత్తో మరోసారి పంపి చూసింది. నాలుగో కణుపు దాన్ని తిప్పికొట్టింది. నా దగ్గరున్నదే కొత్తది అని జవాబు.

"నేనిప్పుడేగా పంపాను, దీనికంటే కొత్తది ఎలా ఉంటుంది?" అని విసుక్కుని, నాలుగో కణుపుని టైమెంతని అడిగింది.

దాని గడియారం రెండు గంటలు ముందుంది.

సంగతి తేటపడింది. రెండు ఫైళ్లలో ఏది కొత్తదైతే అదే నిలవాలన్నది సమకూర్పు నియమం. తల కణుపు పంపింది నాలుగో దానికి పాతగా కనబడుతోంది. ఇంకా రాని టైము వేసుకున్న ఫైలుని తల కణుపు నమ్మదు. ఇద్దరూ ఎవరి చోట వాళ్లు బిగుసుకుని కూర్చున్నారు.

కౌముది నాలుగో గుమ్మటంలోని తన బదులుమనిషిని పిలిచింది.

"గడియారం ఎవరు తిప్పారు?"

"నువ్వే. అంటే నేను," అంది తన గొంతే. "ఇంజనీరు అధికారాలు నా ఫైల్లో కూడా ఉన్నాయిగా. రోజూ కొంచెం కొంచెం ముందుకి జరిపాను."

"ఎందుకు?"

"అక్కా నేనూ మాట్లాడుకున్నాం. ఆ రోజు అలా అన్నందుకు అక్క సారీ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. తర్వాత నీళ్ల లెక్క తీసి చూశాను. మడి తాగిన నీళ్లు చాలావరకు ఆవిరై మళ్లీ మన తొట్లలోకే వస్తున్నాయి. నువ్వా లెక్క చూడనే లేదు."

"నాకు అక్క సారీ చెప్పలేదు."

"నువ్విక్కడ లేవుగా."

ఇస్మాయిల్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, మందాకిని గారు కూడా అక్కడ లేరు. తుఫాను ముందురోజు రెండో గుమ్మటానికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. నాలుగులో ఉన్నది ఆవిడ బదులుమనిషి. ఆ ఖాతా కూడా నాలుగులో ఒకలా, మిగతా చోట్ల ఇంకోలా ఉంది."

అంటే రెండు ఫైళ్లు కూర్చుని రాజీపడ్డాయి. తను లేనప్పుడు తన ఇంట్లో ఎవరో తన పేరున విందు చేసుకుని, తన బట్టలే కట్టుకుని వెళ్లినట్టు అనిపించింది కౌముదికి. ఒళ్లు మండింది.

గడియారం వెనక్కి తిప్పితే చాలు. కానీ గాలి మార్చే మోటార్లు ఆ గడియారం మీదే నడుస్తాయి. ముందుకి జరిపితే గాలి ముందే మారుతుంది, నష్టం లేదు. వెనక్కి తిప్పితే ఆ కాసేపూ మారకుండా ఆగిపోతుంది. అందుకని కాలనీ ఒక కట్టుబాటు పెట్టుకుంది. వెనక్కి తిప్పాలంటే ఇంజనీరూ, ఆ గుమ్మటం పెద్దా స్వయంగా, తమ గొంతులతో ఒకరి మాట ఒకరు వింటూ ఒప్పుకోవాలి. బదులుమనుషుల మాట చెల్లదు. నాలుగో గుమ్మటం పెద్ద మందాకిని.

కౌముది మళ్లీ తన బదులుమనిషినే అడిగింది. "నన్నాపడానికి నీకు వంద దార్లున్నాయి. గడియారమే ఎందుకు పట్టుకున్నావు?"

"ఇదైతే నువ్వు అక్కకి ఫోన్ చెయ్యక తప్పదుగా," అంది బదులుమనిషి.

"సరే, చేస్తున్నాను చూడు," అంది కౌముది.

రెండో గుమ్మటంలో ఫోను చాలాసేపు మోగింది.

"ఊఁ," అంది అవతలి గొంతు.

"నేను."

"తెలుస్తూనే ఉంది. నీ నకలైతే 'అక్కా' అంటూ మొదలెట్టేది."

"నాలుగులో నీదీ నాదీ కుమ్మక్కయ్యాయి."

"నాకు తెలుసే. నాది నీకు సారీ చెప్పిందట! ఎవర్నడిగి చెప్పింది? రోజూ దిద్దుతున్నాను, మళ్లీ మొదటికే వస్తోంది. నీ మెషినే తగలడిందనుకున్నా."

"మెషినుకేం కాలేదు. గడియారం ముందుకెళ్లింది. తిప్పడానికి నీ ఒప్పుకోలు కావాలి."

"తిప్పితే ఏమవుతుంది?"

"ఇద్దరి ఖాతాలూ కుదురుకుంటాయి. నా ఓటు చెల్లుతుంది. మడి పోతుంది."

తుఫాను గుమ్మటాన్ని రాస్తున్న గరగర మాత్రం రెండు వైపుల నుంచీ వినిపిస్తోంది. అక్క ఒక్కసారి 'వద్దే' అంటే, తను ఫోన్ పెట్టేసి లేచి వెళ్లిపోతుందని కౌముదికి తెలుసు. అంత స్పష్టంగా తన గురించి ఆమెకి ఎప్పుడూ ఏదీ తెలియలేదు. కానీ ఆ మాట అటునుంచి రావాలి. అటు కూర్చున్న మనిషి కూడా ఇటునుంచి ఏదో మాట కోసం చూస్తోందేమో అన్న ఆలోచన వచ్చింది. దాన్ని పక్కకి నెట్టేసింది.

"గాలి సంగతేంటి?" అంది మందాకిని చివరికి.

"ఇస్మాయిల్ ఇక్కణ్ణుంచి మోటార్లు చూసుకుంటాడు."

"అయితే కానీ. మడి పోతే మళ్లీ ఎక్కడో ఒకచోట వేస్తాను. నేననని మాట నా నోట ఉండకూడదు."

"నాకూ అంతే."

తర్వాత పని ఎంత తేలిగ్గా సాగిందో! ఒకరి మాట పూర్తయ్యేలోపే ఇంకొకరు అందుకున్నారు.

"తాళం అంకెలు చదువు," అంది మందాకిని.

"చదివాను. నీదేది?"

"ఇదిగో. మోటార్లు చేతికొచ్చాయా?"

"వచ్చాయి. సరే అను."

"సరే."

"నేనూ సరే."

"ఇంత బాగా కలిసి పనిచేసేవాళ్లని నేను చూళ్లేదు," అన్నాడు ఇస్మాయిల్ మెల్లగా. ఈసారది జోకు కాదు.

గడియారం వెనక్కి వచ్చింది. ఆరు కణుపుల దీపాలూ పచ్చగా వెలిగాయి. మందాకిని ఫోన్ పెట్టేసింది. సాయంత్రం సభలో ఒక్క ఓటు తేడాతో మడి మూతపడింది.

మరమ్మతు చేసిన ఖాతాని పరీక్షించి చూడడం ఆఖరి పని. కౌముది నాలుగో గుమ్మటాన్ని పిలిచింది. అక్క బదులుమనిషి మడికి నీళ్లాపమని పనివాళ్లకి పురమాయించడం వినిపిస్తోంది. ఆ గొంతులో వణుకేమీ లేదు.

"అక్కతో మాట్లాడావా?" అని తన బదులుమనిషిని అడిగింది.

"ఎందుకు మాట్లాడాలి?" అంది అది. "పనేదన్నా ఉంటే చెప్పు."

కౌముది అదే ప్రశ్న మిగతా కణుపుల్ని కూడా వరసగా అడిగింది. అన్నిచోట్లా అదే జవాబు, అదే గొంతు. ఎక్కడా తేడా లేదు.