గడప దగ్గర బ్లీచింగ్ నీళ్ళు

పట్టుపురుగుల గుడ్ల షీటు ఒక్కసారి నా ముక్కు దగ్గర పెట్టండి చాలు! ఆ గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకకు రోగం ఉండిందో లేదో వాసన చూసి చెప్పేస్తాను. పట్టు ఆఫీసులో వాళ్ళ మాదిరి చిలుకను నూరి, గాజుముక్క మీద పూసి, ఒంటికన్నుతో గంటసేపు చూసే పని నాకు లేదు. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఈ మద్దిలేటి ముక్కుకు సాటి ముక్కు లేదు. కావాలంటే ఎవరినైనా అడగండి.

ఈ గొప్పలే ఒకరోజు పొద్దున మా చెల్లెలు నాగరత్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చొని చెప్పుకుంటూ ఉన్నాను. చెల్లెలి కోడలు హేమలత గడపలో కూర్చొని, నాలుగేళ్ళ కూతురు శ్రుతికి సంగటి తినిపిస్తోంది.

"తల్లికి రోగముంటే ఆ గుడ్లు ఏం చేస్తారు మామా?" అని అడిగింది.

"కాల్చేస్తారు పాపా. రోగం గుడ్డులోకే ఎక్కింటాది. నువ్వు ఎంత లేత ఆకు ఏసినా ఆ పురుగు గూడు కట్టదు" అన్నాను, మీసం సవరించుకుంటూ.

లోపల మల్బరీ ఆకు మూట కడుతున్న నాగరత్నమ్మ అక్కడినుంచే అంది. "అందుకే కదన్నా, ఎన్ని మందులు పోసినా ఈ పిల్లకు పిల్లికూతలు పోకుండాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి అంత రోగం వచ్చె."

మా చెల్లెలి నోరు అంతే. ఆకు కోసినట్టు కోసేసి ముందుకు పోతుంది, వెనక్కి తిరిగి చూడదు. కానీ హేమలత చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది...

ఆ రోగం సంగతి చెప్పాలి. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో హేమలతకు ఆరో నెల. జ్వరంతో, ఆయాసంతో హిందూపురం ఆసుపత్రిలో పదకొండు రోజులు పడుకుంది. ఆ పదకొండు రోజుల్లోనే ధర్మవరంలో ఆమె నాయన పోయాడు. కరువులో పొలం వదిలేసి పోయి, మగ్గం నేర్చుకొని, కూతుర్ని సాకిన నాయన! కడసారి ముఖం కూడా చూడలేకపోయింది. గోడవైపు తిరిగి, కడుపు రెండు చేతులా పట్టుకొని, శబ్దం రాకుండా ఏడ్చింది. ఆగస్టులో శ్రుతి పుట్టింది. రెండున్నర కిలోలు కూడా లేదు. నడక వచ్చినప్పటినుంచి దగ్గు, గురక, ఆయాసం.

అరుగు మీద ఆ మాటలు జరిగిన రోజు మధ్యాహ్నం హేమలత ఫోన్లో వెతికింది. గర్భంలో ఉండగా తల్లికి వచ్చిన జబ్బులు, తల్లి పడిన దిగులు బిడ్డ జన్యువుల మీద గుర్తులు వేస్తాయని ఎవరో ఒకాయన వెనక సంగీతం పెట్టి మరీ చెబుతున్నాడు. మామ చెప్పిందీ అదే, అత్త అన్నదీ అదే, ఫోనూ అదే అంటోంది. ఇంకేం కావాలి? 'నా రోగం, నా ఏడుపు... రెండూ నా బిడ్డలోకి ఎక్కినాయి. ఇప్పుడు కూడా నేను దిగులు పడతానే ఉన్నా. ఇదీ ఎక్కుతాంటాది కదా...'

పురుగులు పెంచే ఇంట్లో పుట్టిన భయం పురుగులు పెంచేవాళ్ళ మాదిరే నడుస్తుంది. మా పురుగుల షెడ్డు వాకిట్లో బ్లీచింగ్ నీళ్ళ టబ్బు ఉంటుంది. అందులో కాళ్ళు ముంచకుండా లోపలికి ఎవరూ రారు. ఒంట్లో బాగాలేనివాళ్ళను దగ్గరికే రానివ్వం. హేమలత అలాంటి టబ్బే ఇంటి గడప దగ్గర పెట్టింది. రోజుకు రెండుసార్లు ఇల్లంతా బ్లీచింగ్ నీళ్ళతో తుడిచింది. పాప బట్టలూ ఆ నీళ్ళలోనే జాడించింది. మూతికి గుడ్డ కట్టుకుంది. బిడ్డను ఎత్తుకోవడం మానేసింది!

"అమ్మా, నేనేం తప్పు చేసినా?" అని శ్రుతి కొంగు పట్టుకుంటే, కొంగు మెల్లగా విడిపించుకొని వెనక్కి జరిగింది తల్లి. జరిగి, దొడ్లోకి పోయి, గోడకు తల ఆనించి నిలబడింది.

ఇంత చేసినా పిల్లికూతలు తగ్గలేదు. వారం తిరక్కుండానే ఎక్కువయ్యాయి. ఇక ఆ తల్లికి మిగిలింది ఒకటే దారి. సంచి సర్దుకుంది.

"యాడికి పోతాండావు?" అన్నాడు భర్త సురేష్, వాకిలికి అడ్డం నిలబడి.

"ధర్మవరం. మా అమ్మ దగ్గరికి."

"పిల్లను ఇడిచిపెట్టా?"

"దానికోసరమే పోతాండా. నేను లేకుంటే అది బాగుపడతాది. గడప దగ్గర నీళ్ళు దినామూ మార్చండి. తుడిచేది ఆపొద్దు."

మా చెల్లెలు బకెట్టు అందుకుంది. కోడలు చెప్పినట్టే రోజూ నీళ్ళు మార్చింది, ఇల్లు తుడిచింది. కోపం చూపించాలన్నా, పశ్చాత్తాపం చూపించాలన్నా ఆమెకు తెలిసింది పనిచేయడమే.

నాలుగో రోజు పొద్దున శ్రుతి డొక్కలు ఎగరేసింది. పెదవులు నల్లబడ్డాయి. సురేష్ పిల్లను భుజాన వేసుకొని ఆటో దగ్గరికి పరుగెత్తాడు. వెనక నాగరత్నమ్మ, ఆ వెనక నేను. హిందూపురంలో పిల్లల డాక్టరమ్మ ముఖానికి గొట్టం పెట్టి మందు ఆవిరి పట్టింది. అరగంటకు ఊపిరి నెమ్మదించింది. అప్పుడామె పాప గౌను పట్టుకొని వాసన చూసింది. నిజమైన ముక్కు అంటే అది!

"ఈ బట్టలకు బ్లీచింగ్ ఎందుకు కొడుతోంది?"

సురేష్ అంతా చెప్పాడు. టబ్బు, తుడవడం, ఫోను, తల్లి వెళ్ళిపోవడం... డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మూసిన ఇంట్లో ఆ ఘాటు పీల్చబట్టే పాపకు ఆయాసం ఇంత ముదిరింది. ఆ తుడవడం ఈరోజే ఆపండి. ఇక ఆ గుర్తుల మాట. జన్యువులు మన ఒంట్లో ఉండే రాత అనుకోండి. జబ్బూ దిగులూ రాతను మార్చవు. ఏ వరుస గట్టిగా చదవాలి, ఏది మెల్లగా చదవాలి అని పక్కన గుర్తులు పెట్టొచ్చు. ఈ పాపకు పెట్టాయా? నేను చెప్పలేను. పరిశోధకులు వేలమందిని చూసి 'కొందరిలో ఉండొచ్చు' అంటున్నారు. ఒక్క పిల్లను చూపించి 'ఇది తల్లి వల్లే' అని తేల్చే పరీక్ష లేదు. ఉన్నా కొన్ని గుర్తులు నిలుస్తాయి, కొన్ని మారతాయి. మంచి తిండి, నిద్ర, భయం లేని ఇల్లు, ఇవి కూడా పనిచేస్తాయి. బిడ్డ దగ్గర తల్లి లేకపోవడం మాత్రం మందు కాదు."

నాగరత్నమ్మ బల్ల వైపే చూస్తూ అడిగింది. "అంటే పురుగుల మాదిరి కాదా అమ్మా?"

"కాదమ్మా. పురుగుల్లో తల్లినుంచి గుడ్డుకు పాకేది రోగక్రిమి. ఇది క్రిమి కాదు."

రెండు రోజులు పాపను అక్కడే ఉంచుకొని పంపించారు. ఇంటికి పోలేదు. నలుగురం ధర్మవరం రైలెక్కాం. పెనుకొండ కొండ కిటికీలో కనబడి వెనక్కి పోయింది. దారి పొడుగునా శ్రుతి ఒకటే మాట. "తాతా, అమ్మ నన్ను ఎత్తుకుంటాదా?" కథలు అల్లడంలో పేరుమోసిన నేను పెనుకొండ రాజుల కథ ఎత్తుకొని మాట మార్చాను.

ధర్మవరంలో హేమలత తల్లి నీలావతి మగ్గం మీద ఉంది. మమ్మల్ని చూడగానే హేమలత లేచి, మూతికి కొంగు అడ్డం పెట్టుకొని గోడ దాకా జరిగింది. కళ్ళు మాత్రం బిడ్డను తడుముతున్నాయి.

"దగ్గరికి తేవద్దండి... నా వల్ల దానికి..."

సురేష్ డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాడు. హేమలత తల అడ్డంగా ఊపింది. "నన్ను ఓదార్చను చెప్తాండారు. మద్దిలేటి మామ చెప్పింది అబద్ధమా?"

అందరూ నావైపు తిరిగారు. ఇక తప్పదు.

"అబద్ధమే పాపా. రోగం గుడ్డుకు ఎక్కేది నిజం, నా ముక్కు అబద్ధం. రెండేండ్ల కింద ఆఫీసు షీట్లు వద్దని, నేనే వాసన చూసి, బంగారమని తెచ్చిన గుడ్లు ఉండాయే, ఒక్కటంటే ఒక్కటి గూడు కట్టలేదు. గంపలు గంపలు గుంతలో పూడ్చినా. నాకు పురుగుల సంగతే తెలీదు, ఇంక మనుషుల సంగతి ఏం తెలుస్తాది?"

"ఇన్నాళ్ళకు ఒక నిజం చెప్పినావు మామా" అన్నాడు సురేష్.

నీలావతి మగ్గం దిగి వచ్చింది. పైన వేలాడే, చీర మీద పువ్వులు తేల్చే చిల్లుల అట్టలను చూపించింది. "చూడు పాపా. పోగు అదే పోగు. ఏది లేయల్ల, ఏది పండుకోల్ల అని చెప్పేది ఆ అట్ట. అట్టలో ఒక చిల్లు తప్పు పడితే మీ నాయన చీరంతా కోసి పారేస్తాండెనా?"

హేమలత తల ఎత్తి ఆ అట్టలను చూసింది. "లేదు... ఆ చిల్లు మూసి, పక్కన ఇంకోటి పొడుస్తాండె."

అప్పుడు నాగరత్నమ్మ కోడలి దగ్గరికి పోయి, రెండు చేతులూ పట్టుకొని బావురుమంది! "సురేషు కడుపులో ఉన్నప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చిండె హేమా. కరువు ఏడాది. తిండి లేదు, రేపేమో అని భయం. వాడు పుట్టినాక రెండేండ్లు ఆరోగ్యమే లేదు. మా అత్త నన్ను ఒక్క మాట అనలా. నేను నిన్ను అన్నా..."

ఆ సందులో శ్రుతి మెల్లగా తల్లి దగ్గరికి నడిచింది. ఎత్తుకోమని అడగలేదు. అడిగితే వెనక్కి జరుగుతుందేమో అని భయం కాబోలు. కాలి దగ్గర కూర్చొని, చీర కుచ్చిళ్ళలో ముఖం పెట్టుకుంది. హేమలత మూతి మీది కొంగు జారిపోయింది. కిందికి వంగింది. వారం రోజులకు పైగా ఖాళీగా ఉన్న ఆ చేతులు బిడ్డను ఎంత గట్టిగా చుట్టుకున్నాయంటే, "అమ్మా, ఊపిరాడలే" అని ఆ పిల్లే నవ్వింది. ఆ మాటకు అందరం ఉలిక్కిపడి, తర్వాత మేమూ నవ్వాం.

మరుసటి రోజే ఊరికి వచ్చాం. శ్రుతికి ఇప్పటికీ మబ్బు పట్టినప్పుడు దగ్గు వస్తుంది. పీల్చే మందు అరలో ఉంది. ఆ దగ్గు వినబడితే హేమలత ఇప్పటికీ భయపడుతుంది. కానీ ఇప్పుడు వెనక్కి కాదు, ముందుకు జరుగుతుంది.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది, చెప్పేస్తాను. నాగరత్నమ్మ చేతులు పట్టుకొని బావురుమన్నది, అది నా కల్పన. ఆ టైఫాయిడ్ మాట చెప్పింది నిజమే, కిటికీలోంచి బయటికి చూస్తూ, పొడిగా చెప్పింది. మా చెల్లెలు ఏడవగా నేను ఈ డెబ్బై ఏళ్ళలో చూడలేదు. ఆమె చేసింది ఇది. ఇంటికి రాగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, గడప దగ్గరి టబ్బు ఎత్తి బ్లీచింగ్ నీళ్ళు వీధి కాలువలో పారబోసింది. మూడుసార్లు కడిగి ఎండలో ఆరబెట్టింది. సాయంత్రం దాని నిండా విత్తనం శెనక్కాయలు పోసి, తెచ్చి కోడలి ముందు పెట్టి, పక్కనే చతికిలబడింది.

"నువ్వు ఒలువు. పిల్లను నీ తొడమీదనే పండుకోనీ, లేపాకు" అంది.