మునిప్రసాద్ దాచిన పేజీ

ఉదయం ఎనిమిదింటికి చంద్రగిరి కోట రోడ్డులో ప్రోగ్రామర్ మునిప్రసాద్‌ను ఎవరో కాల్చి చంపారు. తొమ్మిదీ నలభైకి, తిరుపతి లాడ్జి గదిలో ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ ఏబెల్‌కు ఫోన్ వచ్చింది.

"పది గంటలకు ఆస్పత్రి ఆక్సిజన్ ప్లాంట్ ఆగిపోతాది," అన్నాడు చీఫ్ రఘునాథ్. "విదేశీ ముఠా పని. ప్రోగ్రామ్ రాసిందీ మునిప్రసాదే. మనసు మారి, దాన్ని ఆపే పేజీ ఒకటి ముఠా నడిపే దొంగ ట్రావెల్స్ సైట్‌లోనే దాచినాడు. అడ్రస్ మనకు చెప్పేలోపే చంపేసినారు. ఆ సైట్‌లో దూరేదానికి పర్మిషన్ ఇచ్చినాం. వెతుకు."

"ఆక్సిజన్ మీద ఎంతమంది ఉండారు సార్?"

"నలభై మంది. పదకొండు మంది పసిబిడ్డలు."

ఏబెల్ ల్యాప్‌టాప్ తెరిచి, నల్లటి తెరమీద కమాండ్ కొట్టాడు. వర్డ్‌లిస్ట్‌లోని ఒక్కో పేరూ సైట్ అడ్రస్ చివర తగిలించి, అలాంటి పేజీ ఉందా అని సర్వర్‌ను అడిగే టూల్ అది. అడ్మిన్. బ్యాకప్. స్టాప్. అన్నిటికీ ఒకటే జవాబు: 404. లేదు.

ఎదురు కుర్చీలో రేవతి. ముఠా ఆఫీసులో రిసెప్షనిస్టు, ఇటు ఏబెల్‌కు సమాచారమిచ్చే డబుల్ ఏజెంట్. నెమలికంఠం రంగు పట్టుచీర, చెదరని నవ్వు.

"స్పీడు పెంచబ్బా, టైము లేదు."

పెంచాడు. మరుక్షణం తెర నిండా 403. సర్వర్ పసిగట్టి గెంటేసింది.

9:53. ఏబెల్ చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. "కావాలనే చెప్పినావా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "పొద్దున వాని రక్తం చూసొచ్చినాను ఏబెల్. నమ్మితే విను. దామలచెరువు కాడ వాళ్ళ నాయనకు మామిడి తోట ఉండాది. తను దాచుకునే ఫైళ్ళకంతా మామిడి పేర్లే పెడతాడు."

నమ్మక తప్పలేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో కొత్త లైన్ తీసుకున్నాడు. ఇది కూడా బ్లాక్ అయితే అంతే సంగతులు. అందుకే రెండు సెకన్లకొక పేరు.

తోతాపురి: 404. బేనీషా: 404. నీలం, మల్గోవా, రుమానీ... చెమట కళ్ళలోకి కారుతోంది. కాలేపాడు: 404. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మార్చాడు. 404. ఇంకో 'ఎ' చేర్చాడు.

200. ఉంది.

పేజీ తెరుచుకుంది. ఒకే ఒక ఎర్ర బటన్. నొక్కేసరికి గడియారంలో నాలుగు సెకన్లు మిగిలాయి.

ఫోన్ మోగింది. "ప్లాంట్ నడస్తా ఉండాది," అన్నాడు చీఫ్. "ఆ అమ్మాయి మన పక్కమేనా?"

ఏబెల్ రేవతి వైపు చూశాడు. ఆమె పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో ఎవరికో మెసేజ్ కొడుతోంది.

"ఈ పూటకు మన పక్కమే సార్. మధ్యాహ్నం సంగతి అడిగి చెప్తా."